ఉమ్మడి బుట్ట

పడవ అన్న మాట నీళ్లమీద తేలదు.
కిసుము ఊరి చివర, డుంగా రేవులో,
చేపలు తూచే రేకులషెడ్డులో
మంగళవారం సాయంత్రం
మొదటి పాఠం ఇలాగే మొదలుపెట్టాను.

ఆరుగురు వచ్చారు. ల్యాప్‌టాప్‌లు మూడు.
వెనక బల్ల మీద ఒండీటి,
పడవలు చేస్తాడు, యాభై ఆరేళ్లు,
చెవి వెనక పెన్సిలు,
గోళ్లలో సందులు పూడ్చే దూదిపీచు.

క్లాస్ అని కొట్టి, పడవ అని పేరు పెట్టి,
చివర రెండు చుక్కలు.
"ఇది పడవ కాదు.
పడవంటే ఏమిటో చెప్పే కాగితం.
దీనికి చెమ్మ తగలదు,
ఇదెక్కి ఎవరూ మునిగిపోరు."
"మరి ఖరీదెంత?" అన్నాడు ఒండీటి.
షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ఒక్కసారి రాస్తే చాలు,
కావలసినన్ని దింపుకోవచ్చు అన్నాను.

అతను ఒప్పుకోలేదు.
నలభై ఏళ్లలో నా చేత్తో చేసినవి
ఏ రెండూ అచ్చుగుద్దినట్టు లేవు.
ఒకటి ఎడమకి ఒరుగుతుంది,
ఒకటి ఎండాకాలం వస్తే కీళ్లు విప్పుకుంటుంది.

నేను చెప్పబోయేదీ అదే.
ఇనిట్ అని ఒకటుంది,
అటు రెండు గీతలు, ఇటు రెండు గీతలు.
నీళ్లలోకి తోసేముందు
పక్కచెక్క మీద రంగుతో పేరు రాస్తారే, ఆ గడియ.
ఆబ్జెక్టు అయ్యేది అప్పుడే.
తన పేరు, తన పొడవు, తన చిల్లులు
తాను పుచ్చుకుంటుంది.

"సెల్ఫ్ అంటే ఎవరు?"
ఒమెనా చేపలు ఎండబెట్టే అపోండి అడిగింది.
తాను.
"ఎవరు తాను?"
ఎవరిని పిలిస్తే వాళ్లు.
ఆకలేస్తోంది అని మనమంతా ఒకే మాట అంటాం,
ఎవరి కడుపు వాళ్లది.

కాసేపు స్క్రీను వైపు చూసి
నోట్సులో 'నా కడుపు' అని రాసుకుంది.

రెండోవారం తప్పు నాదే.
తొందరలో చేపలబుట్టని
ఇనిట్‌కి పైన, క్లాసు పేరు కిందే పెట్టేశాను,
రెండు చదరపు బ్రాకెట్ల మధ్య ఏమీ లేదు కదా అని.
రెండు పడవలు దించాం:
సుబిరా, న్యార్ నామ్.
సుబిరాలో మూడు ఎంబూటాలు వేశాం.
న్యార్ నామ్‌ని నీ బుట్టలో ఎన్ని అని అడిగితే
మూడు అంది.
వల కూడా విప్పలేదు అది.

"ఎవరి చేపలు ఎవరు తిన్నట్టు!"
ఒండీటి బల్ల చరిచి
కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు:
"ఇది మన సహకార సంఘం లెక్కే కదరా!"
కోశాధికారి ఒగుటు అక్కడే ఉన్నాడు.
ఒక్కడే నవ్వలేదు.

బుట్టని ఇనిట్ లోపలికి జరిపి
ముందు సెల్ఫ్ అని, చుక్క పెట్టి, మళ్లీ నడిపాం.
న్యార్ నామ్ సున్నా అంది.
సున్నా వినడం అంత హాయిగా ఉంటుందని
నాకు అప్పటిదాకా తెలీదు.

అందరూ వెళ్లాక ఒండీటి మిగిలాడు.
బయట గుర్రపుడెక్క ఒడ్డుని కమ్ముకుంటోంది,
దూరంగా ఒమెనా పడవల దీపాలు.

"ఒక పడవకి పాత పేరు గీకేసి
కొత్త పేరు రాస్తే
అది కొత్త పడవ అవుతుందా?"

మాటల్లో చెప్పలేదు, టైపు చేశాను.
ఒక పేరు, సమానం గుర్తు, ఇంకో పేరు.
మొదటి పేరుతో చిల్లు పొడిచాను.
రెండో పేరుని అడిగాడు అతనే,
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, చూపుడువేలితో.
చిల్లు ఉంది.

ఛార్జింగు తొమ్మిది శాతం.
చాలాసేపు చూశాడు.
"కొన్నవాడికి చెప్పాలి" అన్నాడు,
నాతో కాదు, ఆ వెలుతురుతో.

మూడోవారం అతను పాఠానికి రాలేదు.
వారసత్వం గురించి చెబుతున్నాను,
అపోండి ఏదో అడుగుతోంది,
రేవు కింద ఎక్కడో
చెక్క మీద సుత్తి దెబ్బలు.
ఏ పడవో నేను అడగలేదు.